నాటు పాట ఎవరిది?

సూరత్ నగరానికి తూర్పున, బార్డోలి వైపు సాగిపోయే రహదారి మీద పర్వత్ పాటియా అనే పేట ఉన్నది. పేరు విని కొండను వెదికేవారికి నిరాశ తప్పదు. పర్వత్ అన్నది అక్కడి పాత గ్రామం పేరు. గుజరాతీలో పాటియా అంటే పలక. ఊరి పేరు రాసిన పలక నిలబెట్టిన మలుపునే పాటియా అని పిలవడం ఆ ప్రాంతంలో పరిపాటి. నగరం పెరిగి పెరిగి ఆ మలుపును ఎన్నడో తనలో కలుపుకున్నది.

ఈ పేటలోను, చుట్టుపక్కల లింబాయత్, గోడాదరా, డిండోలి వంటి చోట్లను తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. వీరిలో అధికులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన నేతపనివారు, వారి సంతతి. చేతిమగ్గం కడుపు నింపలేని రోజులలో కొందరు షోలాపూర్‌కు, కొందరు భివండీకి, మరికొందరు సూరత్‌కు మరమగ్గాలను వెదుక్కుంటూ బయలుదేరారు. సూరత్‌లో నేసిన చీర తెలుగు పల్లెల సంతలకు చేరుతుంది. సూరత్ జరీ దక్షిణాది పట్టుచీరల అంచులలో మెరుస్తుంది. ఆ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతుండగా వాటిలో తెలుగు కూడా ఒకటి.

2022లో దేశమంతటా సినిమా అభిమానులు పట్టుదలగా వాదులాడుకున్న ఒక విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటె తగిన చోటు దొరకదు. ఎందుకంటే ఆ వాదంలో ఒక వైపు ఉన్నది గుజరాతీ చిత్రం, రెండవ వైపు ఉన్నది తెలుగు చిత్రం.

ఆ సంవత్సరం సెప్టెంబరు 20న భారత చలనచిత్ర సమాఖ్య తన నిర్ణయాన్ని ప్రకటించింది. టి.ఎస్. నాగాభరణ అధ్యక్షతన 17 మంది సభ్యుల సంఘం చిత్రాలను చూసి, ఆస్కార్ పోటీకి భారతదేశం పక్షాన పాన్ నలిన్ దర్శకత్వం వహించిన 'ఛెల్లో షో'ను ఎంపిక చేసింది. మన సినిమాహాళ్ళ భాషలో చెప్పాలంటే 'చివరి ఆట'. సౌరాష్ట్రలో ఒక చిన్న రైల్వే స్టేషనులో టీ అమ్ముకునే తండ్రి, వంటలో అందె వేసిన చేయి అయిన తల్లి, సినిమా పిచ్చి పట్టిన కొడుకు. తల్లి కట్టి ఇచ్చిన మధ్యాహ్న భోజనాన్ని ఆ కుర్రవాడు ప్రొజెక్టరు నడిపే ఫజల్‌కు ఇచ్చి, బదులుగా ఆపరేటరు గదిలో కూర్చుని ఉచితంగా సినిమాలు చూస్తాడు. సాదాసీదా కథ, ఎంతో నిజాయితీ గల చిత్రం.

తెలుగునాట మాత్రం అత్యధికులు ఆశించిన పేరు వేరు. 2022 మార్చి 25న విడుదలైన రాజమౌళి చిత్రం 'ఆర్.ఆర్.ఆర్.' అప్పటికే అమెరికా ప్రేక్షకులను థియేటర్లలో లేపి గంతులు వేయిస్తున్నది. దానిని కాదని, తామింకా చూడని చిత్రాన్ని పంపుతారా అని అభిమానులు మండిపడ్డారు. ఇది గుజరాత్ పలుకుబడి అన్నవారున్నారు. కోట్లు ఖర్చు చేసిన చిత్రానికి దేశం సిఫారసు ఎందుకని ఎదురు ప్రశ్న వేసినవారున్నారు. సినీ కార్మికుల సమాఖ్య ఒకటి 'ఛెల్లో షో' అసలు భారతీయ చిత్రమే కాదని ఆక్షేపించగా, చలనచిత్ర సమాఖ్య ఆ మాటను తోసిపుచ్చింది.

ఇటువంటి రగడ గుజరాతీ చిత్రానికి కొత్త కాదు. 2013లో 'ది గుడ్ రోడ్' అనే గుజరాతీ చిత్రాన్ని పంపినప్పుడు 'ది లంచ్ బాక్స్' అభిమానులు ఇంతకు తక్కువ గోల చేయలేదు. లెక్క చూస్తే తెలుగువారి బాధలోనూ కొంత న్యాయం కనిపిస్తుంది. 2022 నాటికి దేశం పక్షాన ఆస్కార్‌కు వెళ్ళిన తెలుగు చిత్రం ఒకే ఒక్కటి: కె. విశ్వనాథ్ తీసిన 'స్వాతిముత్యం'. ఏటా ఇన్ని చిత్రాలు తీసే భాషకు అది స్వల్పమే. అయితే దేశం పంపినంత మాత్రాన ఒరిగేది కూడా స్వల్పమే. అన్ని దశాబ్దాలలో 'మదర్ ఇండియా', 'సలాం బాంబే', 'లగాన్' మూడు మాత్రమే తుది అయిదింటిలో నిలిచాయి. ఒక్కటీ గెలవలేదు.

పర్వత్ పాటియా వంటి పేటలో ఉన్న తెలుగువాడికి ఈ వాదన ఇరకాటమైనది. అతడు అన్నం తింటున్నది గుజరాత్‌లో. అతని పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ మాట్లాడతారు. తన మాతృభాష చిత్రాన్ని పక్కన పెట్టారని కోపగించుకోవాలా, తనకు బ్రతుకుతెరువు చూపిన నేల చిత్రాన్ని దేశం ఎన్నుకున్నదని సంతోషించాలా? పైగా 'ఛెల్లో షో' కుర్రవాడు చివరకు రైలెక్కి సొంత ఊరు విడిచి వెళతాడు. ఆ దృశ్యం చూసి గుండె బరువెక్కడానికి వలసవచ్చినవాడికి గుజరాతీ అయి ఉండనక్కరలేదు.

అభిమానులు గమనించని సంగతి ఒకటున్నది. దేశానికి ఒక్క చిత్రం అనే నియమం ఆస్కార్‌లో ఆంగ్లేతర చిత్రాల విభాగానికి మాత్రమే వర్తిస్తుంది. తక్కిన విభాగాలకు దేశంతో పని లేదు. అమెరికాలోని నిర్దేశిత నగరాలలో ఒకదానిలో ఏడు రోజుల పాటు వరుసగా ఆడితే చాలు, ఏ దేశపు చిత్రమైనా, ఏ భాష పాటైనా తనంతట తాను పోటీకి దిగవచ్చు. సంగీత శాఖ సభ్యులు వడబోసి అయిదు పాటలను నిలుపుతారు. తుది వోటు అకాడమీ సభ్యులందరిదీ. అంటే 'నాటు నాటు' పాటకు ఢిల్లీ అనుమతి గాని, ముంబయి సిఫారసు గాని అవసరం లేకపోయింది. అది ఏ దేశపు అభ్యర్థీ కాదు. అభిమానులే దానికి ఒక దేశాన్ని తగిలించారు.

పాటకు దేశాన్ని తగిలించడంలో ఐరోపావారిది అందె వేసిన చేయి. 1956లో ఏడు దేశాలతో మొదలైన యూరోవిజన్ పోటీలో దేశానికి ఒక పాట చొప్పున పంపుతారు. 1974లో స్వీడన్ పక్షాన గెలిచిన అబ్బా బృందం పాడినది ఆంగ్లంలో. ఆ తరువాత 1977 నుంచి 1998 వరకు ఎవరి దేశభాషలో వారే పాడాలన్న నియమం అమలైంది. 1999లో దానిని ఎత్తివేశారు. ప్రేక్షకుడు తన దేశానికి తాను వోటు వేయరాదన్న నిబంధన మరింత విచిత్రమైనది. కాని పరాయి దేశంలో స్థిరపడినవాడు తన పుట్టిన దేశానికి నిక్షేపంగా వేయవచ్చు. ఇంటి పాటకు వోటు వేసే హక్కు ఇల్లు విడిచినవాడికే దక్కుతుందన్న మాట!

ఇక్కడ రెండు కథలూ ఒక చోట కలుస్తాయి. 'నాటు నాటు'ను చిత్రించినది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, దేశాధ్యక్షుని అధికార భవనమైన మరీన్‌స్కీ ప్రాసాదం ముందు, 2021 ఆగస్టులో. ఆరు నెలలు గడిచేసరికి ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. 2022 మే 14న యూరోవిజన్‌లో తమ సొంత భాషలో పాడి గెలిచినది ఆ ఉక్రెయినే.

డిసెంబరు 21న ఆస్కార్ తొలి వడపోత ఫలితాలు వెలువడ్డాయి. అర్హత పొందిన 81 పాటలలో మిగిలిన 15లో 'నాటు నాటు' ఉన్నది. అదే రోజున ఆంగ్లేతర చిత్రాల 15లో 'ఛెల్లో షో' కూడా ఉన్నది. మూడు నెలలుగా ఒకరి మీద ఒకరు విసురుకున్న రెండు పేర్లూ ఒకే ప్రకటనలో వెలువడ్డాయి. జనవరి 24 నాటి తుది జాబితాలో గుజరాతీ చిత్రం నిలవలేదు. తెలుగు పాట నిలిచింది. ప్రత్యర్థులు సామాన్యులు కారు: లేడీ గాగా, రిహానా, పదే పదే పోటీకి నిలిచిన డయాన్ వారెన్, డేవిడ్ బర్న్.

ఈలోగా జనవరి 10న గోల్డెన్ గ్లోబ్ బహుమతి రావడంతో కొత్త తగవు పుట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి తెలుగు పతాకం ఎగిరిందని అభినందించారు. తెలుగు పతాకమేమిటి, భారత పతాకం కాదా అని గాయకుడు అద్నాన్ సమీ ఆక్షేపించారు. మళ్ళీ రెండు పక్షాలు! ఇది బాలీవుడ్ చిత్రం కాదని, దక్షిణాదికి చెందిన తెలుగు చిత్రమని రాజమౌళి అమెరికాలోనే స్పష్టం చేశారు. అయినా ఆస్కార్ వేదిక మీద వ్యాఖ్యాత దానిని బాలీవుడ్ అనే అన్నాడు. సొంత ఊళ్ళో కూర్చున్నవాడికి ఈ పేరుగోల చాదస్తంగా తోచవచ్చు. పొరుగు రాష్ట్రంలో తరాల తరబడి కేవలం 'మద్రాసీ' అనిపించుకున్నవారికి అది చాదస్తం కాదు.

వారి చిక్కు మరొకటి ఉన్నది. సూరత్ థియేటర్లలో ఇరుగుపొరుగు విన్నది 'నాచో నాచో'. నెట్‌ఫ్లిక్స్ ప్రపంచానికి చూపించినది కూడా హిందీ అనువాదమే. 'నాచో' అంటే ఆడు అని అర్థం. శబ్దం దక్కింది, తాళం దక్కింది, మాట పోయింది.

ఆ మాట సంగతి కొంత చెప్పుకోవాలి. నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా, నాటుపడవ. తెలుగువాడు ఈ మాటను రెండు మనసులతో వాడతాడు. నాటుకోడి కూర అంటే లొట్టలు వేస్తాడు; మనిషిని నాటుగా ఉన్నాడంటే మొరటువాడని ఉద్దేశం. మాట మూలం 'నాడు'లో ఉన్నది. నాడు అంటే దేశం, సీమ. తమిళ అనువాదంలో ఇది ఏ కష్టమూ లేకుండా 'నాట్టు కూత్తు' అయినది అందుకే. సూరత్‌లో పెరుగుతున్న పిల్లవాడు నాటు అంటే ఏమిటని అడిగితే, ఇంట్లోవారు చటుక్కున చెప్పగల గుజరాతీ, హిందీ మాట 'దేశీ'. దేశీ అన్నా దేశానికి చెందినదనే! దేశపు అధికారిక అభ్యర్థి కాలేకపోయిన పాటకు పేరే 'దేశానికి చెందినది'.

చిత్రంలో ఆ మాటకు పని కూడా ఉన్నది. 1920ల నాటి తెల్లవారి విందులో ఒక ఆంగ్లేయుడు మన కుర్రవాణ్ణి నాట్యం రాని మొరటువాడని హేళన చేస్తాడు. సమాధానంగా వచ్చే పాటలో పొలం దుమ్ము, ఊరి జాతర, చెట్టు నీడ, మిరప కారం వరుస కడతాయి. ఈ సరంజామా అంతా చంద్రబోస్ బాల్యంలోనిది. ఆయన పుట్టినది పూర్వపు వరంగల్ జిల్లాలోని చల్లగరిగె గ్రామంలో. పాటలో తొంభై పాళ్ళు ఒక్క పూటలో వచ్చాయని, మిగిలిన పది పాళ్ళకు ఏడాదిన్నర దాటిందని ఆయనే చెప్పారు. కీరవాణి కొట్టించిన తాళం, ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగు అర్థం తెలియనివారిని కూడా లేపి నిలబెట్టాయి. ఆ మాటకు వస్తే, అకాడమీ సభ్యులలో 'నాటు' అర్థం తెలిసి వోటు వేసినవారు ఎందరుంటారు?

2023 మార్చి 12న లాస్ ఏంజెలస్‌లో, మనకు 13వ తేదీ సోమవారం ఉదయాన, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ పాటను తెలుగులోనే పాడారు. మరి కొంతసేపటికి బహుమతి ప్రకటించారు. ఆ విభాగంలో భారతీయ చిత్రంలోని పాటకు దక్కిన మొదటి ఆస్కార్ అది. 2009లో గెలిచిన 'జయ్ హో' పాటను సృష్టించినవారు మనవారే గాని, ఆ చిత్రం బ్రిటిషువారిది. దేశం ఏకైక తెలుగు అభ్యర్థిగా తన చిత్రాన్ని పంపిన విశ్వనాథ్ ఆ ఉదయాన్ని చూడలేదు. ఫిబ్రవరి 2న కన్నుమూశారు.

అదే ఏడాది ఆగస్టులో 69వ జాతీయ చలనచిత్ర బహుమతులు ప్రకటించినప్పుడు 'ఆర్.ఆర్.ఆర్.'కు ఆరు వచ్చాయి. ఉత్తమ గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'. ఉత్తమ బాలనటుడు అందులోని భవిన్ రబారీ. అప్పటికి అభిమానులు వేరే తగవులలో మునిగి ఉన్నారు.

చంద్రబోస్ తన బహుమతికి గుర్తుగా చల్లగరిగెలో ఒక గ్రంథాలయ భవనం కట్టించారు. ఆ పరిసర జిల్లాల నుంచే ఒకప్పుడు మగ్గం విడిచి సూరత్ రైలెక్కినవారున్నారు. వారి మనవలు పర్వత్ పాటియాలో 'నాటు నాటు' పల్లవిని తప్పు లేకుండా పాడగలరు. చరణాలను కాగితం మీద తెలుగు లిపిలో రాసి ఇస్తే చదవగలిగేది వారిలో ఎందరన్నది నగరపాలక సంస్థ తెలుగు బడిలో ఏటా చేరే పిల్లల సంఖ్య మీద ఆధారపడి ఉన్నది.