చేతి ఫోనుతో బోరు మోటారు నడుపుట

జహీరాబాదు ప్రాంతమున చెరకు, అల్లము, బంగాళాదుంప పైరులకు బోరు బావులే ముఖ్యాధారము. బోరు పొలములో నుండును. ఇల్లు ఊరిలో నుండును. వెనుక రాత్రివేళ కరెంటు ఇచ్చు రోజులలో రైతు టార్చిలైటు పట్టుకొని చీకటిలో గట్ల వెంబడి పోయి మోటారు వేయవలసి యుండెడిది. పాము భయము ఒకటి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకొను భయము మరొకటి. ఇప్పుడు ఇంటి నుండియే చేతి ఫోనుతో మోటారును నడుపు మొబైలు స్టార్టర్లు వాడుకలోనికి వచ్చినవి. ఇవి మంచి సాధనములే. కాని వీనిని కొనుటకు, వాడుటకు ముందు రైతు సోదరులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

పనిచేయు విధము

స్టార్టరు ప్రక్కన ఒక చిన్న పెట్టెను బిగింతురు. మన ఫోనులో వలెనే దానిలో ఒక సిమ్ము ఉండును. ఆ నంబరుకు ఫోను చేసిన పెట్టె పలుకును. చెప్పిన అంకె నొక్కిన మోటారు తిరుగును. మరియొక అంకె నొక్కిన ఆగును. కొన్ని రకములు మిస్డ్ కాల్‌తోను, మరికొన్ని స్మార్టు ఫోనులోని యాప్‌తోను పనిచేయును. మూడు ఫేజులు సరిగా లేనిచో మంచి పెట్టె మోటారును వేయనీయదు. బోరులో నీరు తగ్గి మోటారు వట్టిగా తిరిగినప్పుడు అది లాగు కరెంటు తగ్గును. ఆ తగ్గుదలను గుర్తించి మోటారును ఆపివేయును. ఇందువలన మోటారు కాలిపోకుండును.

ఎటువంటిది కొనవలెను?

ధర ఒక్కటే చూడరాదు. వాడువారి చేతికి అనువుగా నున్నదా లేదా అని చూడవలెను. ఎండలో అద్దపు తెరమీది అక్షరములు సరిగా కనబడవు. తడి వ్రేలికి, మట్టి వ్రేలికి ఆ తెర లొంగదు. మీటలు గల చిన్న ఫోనుతో ఈ చిక్కులు తక్కువ. ఇంగ్లీషు అక్షరముల యాప్ కంటె తెలుగులో పలుకు పెట్టె మేలు. మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను పల్లె స్త్రీలే నడుపుట ఈ ప్రాంతపు రైతులకు తెలిసినదే. మన మాటలో చెప్పిన సంగతి చదువు రానివారికి కూడ అందునని అది చూపినది.

మోటారు వేయలేనప్పుడు పెట్టె ఊరకుండరాదు. కరెంటు లేదా, ఫేజు పోయినదా, నీరు లేదా అను కారణము చెప్పవలెను. కొనుటకు ముందు ఇంటిలోని పెద్దవారి చేతను, ఇల్లాలి చేతను ఒకమారు వేయించి ఆపించి చూడుడు. ఇతరుల సాయము లేక వారు చేయగలిగినచో ఆ సాధనము మీకు తగినది. 2జి పెట్టెలో 4జి మాత్రమే గల సిమ్ము పనిచేయదు. పొలములో ఏ సిగ్నలు బాగుగా అందునో ముందే చూచుకొనవలెను. పెట్టెలోని సిమ్ముకు రీఛార్జి గడువు దాటనీయరాదు.

ఫోను చెప్పలేని సంగతి

"మోటారు నడుచుచున్నది" అని వినినంత మాత్రమున చేనికి నీరు పారుచున్నదని నమ్మరాదు. చాల పెట్టెలకు తెలియునది కరెంటు మాత్రమే. పైపు పగిలి నీరు వృథాగా పోవుచున్నను మోటారు కరెంటు లాగుచునే యుండును. అల్లపు చేనిలో నీరు నిలిచినచో దుంప కుళ్ళు తెగులు వ్యాపించును. కావున ఫోను ఉన్నను రోజునకు ఒకమారైన చేను చూచిరావలెను. సిగ్నలు పోయినచో దూరము నుండి మోటారును ఆపుటకు వీలుండదు. కనుక ఇన్ని గంటల తరువాత తానే ఆగునట్లు ముందుగా గడువు పెట్టుకొనుట మంచిది.

కరెంటు రాగానే తానే మోటారు వేయు ఆటో పద్ధతిని వాడరాదు. అన్ని మోటార్లు ఒక్కసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడును. అక్కరలేని నీరు తోడబడి బోర్లు ఎండును. 2018 జనవరి 1 నుండి రాష్ట్రమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమగుటకు ముందే, ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదిగా ప్రభుత్వము రైతులను కోరుటకు కారణమిదియే.

ప్రాణ రక్షణ

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఇది. తండ్రి బోరువద్ద వైరు సరిచేయుచుండును. ఆ సంగతి తెలియని కొడుకు పట్నము నుండి ఫోనులో అంకె నొక్కును. మోటారుకు కరెంటు పోవును. తండ్రి ప్రాణము పోవును. ఫోనుతో మోటారును ఆపుట కరెంటు తీసివేయుట కాదు. మోటారు పనికి, పైపు పనికి దిగుటకు ముందు మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు ఊడదీసి మీ జేబులోనే వేసికొనవలెను. పని ముగిసి, అందరును ప్రక్కకు వచ్చిన తరువాతనే వానిని తిరిగి పెట్టవలెను. ఇంటివారి నంబర్లను మాత్రమే పెట్టెలో నమోదు చేయవలెను. ఫోను పోయినను, అమ్మినను ఆ నంబరును వెంటనే తొలగింపవలెను.

ఫోను మీ కాళ్ళకు శ్రమ తగ్గించును గాని, మీ కన్నులకు బదులు కాజాలదు. ఈ జాగ్రత్తలను ఇంటిల్లిపాదికి చెప్పి, ఆచరించి లాభము పొందుదురు గాక.