మూట కట్టడం సరే... విప్పేదెలా?

"ఫైలు పెద్దదిగా ఉంది, కాస్త జిప్ చేసి పంపండి!"

ఆఫీసులో మేనేజరు, రిటర్నులు వేసిపెట్టే ఆడిటరు, వీసా కాగితాల కోసం తొందరపెట్టే అబ్బాయి... ఎవరిని కదిపినా ఇదే మాట. మనమూ ఫోల్డరు మీద రైట్‌క్లిక్ కొట్టి, మెనూలో ముందు కనబడినదాన్ని నొక్కేసి పంపేస్తాం. పావుగంట తిరక్కుండానే ఫోను. "మీరు పంపింది ఓపెన్ కావట్లేదండీ!"

విన్‌జిప్, విన్‌రార్, సెవెన్‌జిప్, విండోస్‌లోనే ఉన్న జిప్... అన్నీ చేసేది ఒకటే పని. ఫైళ్లని కుదించి, ఒక్క మూటగా కడతాయి. అందుకే 'ఏది ఎక్కువ కుదిస్తుంది?' అన్న ఒక్క ప్రశ్నతోనే చాలామంది వీటిని పోల్చి చూస్తుంటారు. నిజానికి అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. అవతలివాళ్లు ఆ మూట విప్పగలరా? వేసిన తాళం గట్టిదేనా? ఆధార్, పాన్, పొలం కాగితాలు కూడా ఇలాగే మూటల్లో తిరుగుతున్న ఈ రోజుల్లో ఆ రెండే అసలైన ప్రశ్నలు.

చిట్టాపుస్తకంలో ఉంది కిటుకు

కిరాణా కొట్టు చిట్టాపుస్తకం చూసే ఉంటారు. 'సోనామసూరి బియ్యం 25 కిలోల బస్తా' అని పై వరుసలో ఒకసారి రాశాక, కింద మళ్లీ అదే వస్తే గుమాస్తా మొత్తం రాయడు. 'డిటో' గుర్తు పెట్టి ఊరుకుంటాడు. ఫైలు కుదింపు అచ్చం ఇంతే. ఇంతకుముందు వచ్చిన ముక్క మళ్లీ వస్తే, 'ఇంత వెనక్కి వెళ్లు, ఇన్ని అక్షరాలు తెచ్చుకో' అని రెండంకెలు రాసిపెడుతుంది. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో చూపించిన దారి ఇది.

దీనికి తోడు ఇంకో కిటుకుంది. శుభలేఖల్లో 'చి.ల.సౌ.' అని వేస్తాం కదా! తరచూ వాడే పెద్ద మాటకి చిన్న గుర్తు పెట్టుకున్నాం. కంప్యూటరూ అదే చేస్తుంది. ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు. అమెరికాలోని ఎంఐటీలో చదువుకుంటున్నప్పుడు డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన ఈ పద్ధతి 1952లో అచ్చయింది. మనం రోజూ వాడే జిప్‌లో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. విప్పినప్పుడు ఒక్క అక్షరం కూడా పోకుండా అసలు ఫైలు తిరిగి రావడానికి కారణం ఇదే.

ముగ్గురు మనుషులు, మూడు మూటలు

జిప్ ఫార్మాట్ అమెరికాలోని మిల్వాకీకి చెందిన ఫిల్ కాట్జ్ చేతిమీదుగా 1989లో వచ్చింది. అంతకుముందు 'ఆర్క్' అనే ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీతో ఆయనకి కోర్టు గొడవ నడిచింది. దాంతో సొంతంగా కొత్త ఫార్మాట్ తయారుచేశాడు. ఎవరైనా వాడుకోవచ్చంటూ దాని వివరాలు బయటపెట్టేశాడు. జిప్ ఇవాళ ప్రతి కంప్యూటర్లోనూ ఉందంటే ఆ ఒక్క నిర్ణయమే కారణం. పాపం, ఆయన మాత్రం 2000లో, 37 ఏళ్లకే కన్నుమూశాడు. 1991లో నికో మాక్ తెచ్చిన విన్‌జిప్ ఈ ఫార్మాట్‌ని మామూలు జనం దగ్గరికి చేర్చింది.

రార్ రష్యాలో పుట్టింది. యూజీన్ రోషల్ 1993లో తయారుచేశాడు. 'రోషల్ ఆర్కైవ్' అన్నదానికి పొట్టిపేరే రార్. విన్‌రార్ 40 రోజుల ట్రయల్ అంటుంది గానీ, గడువు దాటినా పని ఆపదు. 'కొనండి' అని గుర్తుచేస్తూ ఉంటుంది, అంతే. అలాగని అది ఉచితం కాదు. ఆఫీసు కంప్యూటర్లలో లైసెన్సు లేకుండా వాడటం తప్పే.

సెవెన్‌జిప్‌ని తయారుచేసిన ఇగోర్ పావ్లోవ్ కూడా రష్యావాడే. 1999లో మొదటి వెర్షన్ వచ్చింది. పూర్తిగా ఉచితం, ఇంట్లోనైనా ఆఫీసులోనైనా. ప్రోగ్రాం కోడ్ కూడా బహిరంగమే. చూడటానికి పాతకాలం సామానులా ఉంటుంది గానీ పనిలో దిట్ట. తన సొంత 7జెడ్ మూటలే కాదు, జిప్‌లు కూడా కడుతుంది. రార్‌ని మాత్రం విప్పగలదు, కట్టలేదు. రార్ కట్టే హక్కు రోషల్ వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు మరి.

ఏది బాగా కుదిస్తుంది?

మళ్లీ చిట్టాపుస్తకం దగ్గరికి వద్దాం. 'డిటో' పెట్టాలంటే గుమాస్తా వెనక్కి తిప్పి చూడాలి. ఎన్ని పేజీలు వెనక్కి చూడగలడన్నదే ఇక్కడ లెక్క. మామూలు జిప్ 32 కేబీలకి మించి వెనక్కి చూడలేదు. 7జెడ్ పదుల ఎంబీల వెనక్కి కూడా వెళ్లి చూస్తుంది. అందుకే పెద్ద టెక్స్ట్ ఫైళ్లు, డేటాబేస్ బ్యాకప్‌ల విషయంలో సాధారణంగా 7జెడ్ మూటే చిన్నదిగా వస్తుంది. రార్ దానికి దగ్గర్లో ఉంటుంది. జిప్ మూడోది. కాకపోతే వెనక్కి ఎక్కువ చూసేకొద్దీ టైమూ, ర్యామూ ఎక్కువ కావాలి. పాత కంప్యూటర్లో సెవెన్‌జిప్‌ని 'అల్ట్రా'లో పెడితే, అది పూర్తయ్యేలోపు కాఫీ తాగి రావచ్చు. వేగం కావాలంటే జిప్పే నయం.

తెలుగు ఫైళ్ల విషయంలో ఇంకో విశేషం. యూనికోడ్ టెక్స్ట్ ఫైలు సాధారణంగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు కావాలి. అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి. అంటే 18 బైట్లు! అయితే ఆ మూడు బైట్లలో మొదటిది అన్ని తెలుగు గుర్తులకీ ఒకటే. రెండోది రెండే రకాలు. ఇంత 'డిటో' ఉంటే కుదింపు ప్రోగ్రాంకి పండగే కదా! అందుకే తెలుగు టెక్స్ట్ ఫైళ్లు ఎంతో చక్కగా కుదురుకుంటాయి. ఒకే ఫైలుని జిప్‌గానూ, 7జెడ్‌గానూ కట్టి సైజులు పోల్చి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

మరి పెళ్లి ఫొటోల ఫోల్డరు జిప్ చేసినా దాదాపు అంతే సైజు ఉందేమిటంటారా? జేపెగ్ ఫొటోలు, ఎంపీ3 పాటలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించినవి. పిండేసిన చెరుకుపిప్పిని మళ్లీ గానుగలో పెడితే రసం రాదు కదా! ఎంత ఖరీదైన ప్రోగ్రాం కొన్నా ఇక్కడ ఒరిగేది లేదు. 2007 నుంచి వస్తున్న వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కూడా నిజానికి జిప్ మూటలే. ఒక వర్డ్ ఫైలుకి కాపీ తీసుకుని, పేరు చివర 'డాక్స్' తీసి 'జిప్' అని పెట్టి తెరవండి, లోపలి సరంజామా అంతా కనిపిస్తుంది. ఇలాంటివాటికి జిప్ వల్ల లాభం ఒక్కటే. వంద ఫైళ్లు విడివిడిగా కాకుండా ఒక్క మూటగా వెళతాయి.

అవతలివాళ్ల సంగతి

మన దగ్గర ఏముందన్నది కాదు, అందుకునేవాళ్ల దగ్గర ఏముందన్నదే ముఖ్యం. జిప్ అయితే విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ ఎక్కడైనా తెరుచుకుంటుంది. రార్, 7జెడ్ అలా కాదు. విండోస్ 11లో 2023 చివరినుంచి వీటిని నేరుగా విప్పే సదుపాయం వచ్చింది గానీ, పాస్‌వర్డ్ పెట్టినవాటిని అది విప్పలేదు. పాత విండోస్ అయితే వేరే ప్రోగ్రాం వేసుకోవాల్సిందే. నెట్ సెంటర్‌కో, బ్యాంకుకో పంపేటప్పుడు సైజు పది శాతం తగ్గిందని 7జెడ్ పంపితే, మిగిలిన బైట్లకంటే తినే తిట్లు ఎక్కువ!

ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకి ఇంకో చిక్కు. జిప్ పుట్టినప్పుడు అందులో తెలుగు పేర్లకి చోటే లేదు. యూటీఎఫ్-8 పేర్ల ఏర్పాటు 2006లో గానీ రాలేదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో తెలుగు పేరున్న ఫైలుని జిప్ చేయబోతే నావల్ల కాదనేది. ఇప్పటి ప్రోగ్రాముల్లో ఆ బాధ లేదు. అయినా పాత మూటలు విప్పితే పేర్ల స్థానంలో పిచ్చిగీతలు కనిపించవచ్చు. కంగారొద్దు, లోపలి ఫైలు భద్రంగానే ఉంటుంది. ఎవరి దగ్గర పాత కంప్యూటరుందో తెలియనప్పుడు మాత్రం పేరు ఇంగ్లిషులో పెట్టడమే క్షేమం.

తాళం గట్టిదేనా?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. పాస్‌వర్డ్ పెట్టేశాం కదా అని ధీమాగా ఉంటాం. కానీ జిప్‌కి రెండు రకాల తాళాలున్నాయి. పాతది 'జిప్‌క్రిప్టో'. దాన్ని ఎలా బద్దలుకొట్టవచ్చో పరిశోధకులు 1994లోనే చూపించారు. కొత్తది ఏఈఎస్-256. ఇది గట్టిది. సెవెన్‌జిప్‌లో జిప్ మూట కడుతూ పాస్‌వర్డ్ పెడితే, మనం మార్చకపోతే పడేది ఆ పాత తాళమే! కాబట్టి 'ఎన్‌క్రిప్షన్ మెథడ్' దగ్గర ఏఈఎస్-256 ఎంచుకోవడం మరిచిపోకండి. ఆ తాళాన్ని విండోస్ సొంత జిప్ తెరవలేకపోవచ్చు. అవతలివాళ్లని సెవెన్‌జిప్ వేసుకోమని ముందే చెప్పండి. విండోస్ సొంత జిప్‌లో అయితే పాస్‌వర్డ్ పెట్టే వీలే లేదు.

ఇంకో సంగతి. జిప్‌కి ఎంత గట్టి తాళం వేసినా లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. 'పాన్ కార్డు', 'విడాకుల పిటిషన్' లాంటి పేర్లుంటే పాస్‌వర్డ్ లేకపోయినా విషయం తెలిసిపోతుంది. 7జెడ్, రార్‌లలో పేర్లు కూడా దాచే ఆప్షనుంది. అక్కడ టిక్ పెట్టాలి, అంతే.

తాళం ఎంత గట్టిదైనా పాస్‌వర్డ్ నాలుగంకెలదైతే దండగే. నాలుగంకెలతో వచ్చేవి పదివేలు. మనిషికి అది రోజుల పని, కంప్యూటర్‌కి క్షణాల పని. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు జిప్ రూపంలోనే వస్తుంది. మనం పెట్టుకునే నాలుగంకెల షేర్ కోడే దానికి పాస్‌వర్డ్. తాళం ఉంది కదా అని దాన్ని కనబడిన గ్రూపులో పడేయకూడదనేది ఇందుకే. పాస్‌వర్డు పొడుగ్గా పెట్టండి. మూట మెయిల్‌లో పంపితే పాస్‌వర్డు ఫోన్‌లో చెప్పండి. ఎక్కడైనా రాసి ఉంచుకోండి కూడా. ఏఈఎస్ తాళానికి మారు తాళంచెవి ఉండదు.

పాత వెర్షన్‌తో ప్రమాదం

ఎప్పుడో వేసుకున్న విన్‌రార్ ఇంకా మీ కంప్యూటర్లో ఉందా? అయితే వెర్షన్ ఒకసారి చూడండి. 19 ఏళ్లుగా అందులో దాగున్న ఒక లోపం 2019లో బయటపడింది. 2023లో ఇంకోటి. మూటలో ఉన్న ఫొటో మీద క్లిక్ చేస్తే వెనకాల దొంగ ప్రోగ్రాం నడిచేలా చేశారు. షేర్లు, క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లే దీనికి బలయ్యారు. 6.23 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. 2025లో మరోటి బయటపడితే 7.13తో సరిచేయాల్సి వచ్చింది. సెవెన్‌జిప్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 24.09 వెర్షన్‌లో ఒక లోపాన్ని సరిదిద్దుకుంది. చిక్కేమిటంటే, ఈ రెండూ వాటంతటవి అప్‌డేట్ కావు. అధికారిక సైటుకి వెళ్లి మనమే కొత్త వెర్షన్ వేసుకోవాలి.

ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి జిప్ వచ్చి, పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్‌లో ఉంటే మరింత అనుమానించండి. తాళం వేసిన మూట లోపలికి యాంటీవైరస్ తొంగిచూడలేదు. మోసగాళ్లకి కావాల్సిందీ అదే.

ఇంతకీ ఎవరికి ఏది?

* ఎప్పుడో ఒకసారి నాలుగు ఫైళ్లు పంపేవారికి: విండోస్‌లో ఉన్న జిప్ చాలు. ఏమీ వేసుకోనక్కర్లేదు, కొననక్కర్లేదు.

* ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే కావాలంటే: సెవెన్‌జిప్. ఖర్చు లేదు, దాదాపు అన్ని మూటలూ విప్పుతుంది. దాని రూపం నచ్చకపోతే ఉచితంగానే దొరికే పీజిప్ చూడండి.

* ఏళ్లతరబడి దాచాల్సిన బ్యాకప్‌లకి: విన్‌రార్‌కి డబ్బు పెట్టడంలో అర్థముంది. అందులో 'రికవరీ రికార్డ్' అనే ఏర్పాటుంది. మూటకి కొంత అదనపు సమాచారం జతచేస్తుంది. తర్వాత డిస్కులో కొద్దిభాగం పాడైనా దాని సాయంతో బాగుచేసుకోవచ్చు. జిప్, 7జెడ్ ఫార్మాట్లలో ఈ ఏర్పాటు లేదు.

* విన్‌జిప్: డబ్బు కట్టాలి. ఆఫీసువాళ్లు కొనిచ్చి ఉంటే హాయిగా వాడుకోండి. కేవలం జిప్ చేయడానికైతే ఇంటికోసం కొననక్కర్లేదు.

* మెయిల్‌కి పట్టని ఫైలుకి: జీమెయిల్‌లో హద్దు 25 ఎంబీ. సెవెన్‌జిప్, విన్‌రార్ రెండూ పెద్ద మూటని చెప్పిన సైజులో ముక్కలు చేస్తాయి. ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మొదటిదాన్ని తెరిస్తే చాలు. ఒక్క ముక్క తగ్గినా మూట పూర్తిగా విప్పుకోదు.

ఏది వాడినా మూట కట్టగానే అసలు ఫైళ్లు డిలీట్ చేయకండి. సెవెన్‌జిప్, విన్‌రార్ రెండింట్లోనూ 'టెస్ట్' బటన్ ఉంటుంది. అది నొక్కి తప్పుల్లేవని తేలాక, వీలైతే ఇంకో కంప్యూటర్లో ఒకసారి విప్పి చూశాక, అప్పుడు డిలీట్ చేసుకోండి. దానికి పట్టేది రెండు నిమిషాలు. అందులో ఉన్నవి అమ్మానాన్నల పాత ఫొటోలైతే ఆ రెండు నిమిషాలకి వెనకాడకండి.