ఫోటో ఉంటేనే విగ్రహం తిరిగొచ్చేది
చందవరం శిల్పం చెబుతున్న పాఠం

మార్కాపురం: దొనకొండ మండలం చందవరం సమీపాన గుండ్లకమ్మ ఒడ్డునున్న కొండపై బౌద్ధ మహాస్తూపం ఉంది. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి ఈ స్థలాన్ని గుర్తించారు. 1970వ దశకంలో తవ్వకాలు జరిగాయి. ఇక్కడి శిల్పాల్లో క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన ఒక సున్నపురాతి పలక ప్రత్యేకమైనది. బుద్ధుని ఆరాధకులను చెక్కిన ఆ పలక చోరీకి గురై దేశం దాటింది. ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాల దానిని 2005లో న్యూయార్క్ వర్తకుల వద్ద 5.95 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. అది భారతదేశంలో ఉన్నప్పటి ఫోటోలు బయటపడటంతో 2016 సెప్టెంబరులో భారత ప్రభుత్వానికి అప్పగించింది.

ఆధారమే కీలకం

పురాతన వస్తువుల అక్రమ రవాణాను నిరోధించేందుకు 1970లో యునెస్కో ఒప్పందం కుదిరింది. 1977లో భారత్ దీనిని ఆమోదించింది. మ్యూజియం, ఆలయం వంటి చోట్ల చోరీ అయిన వస్తువును తిరిగి కోరాలంటే అది అక్కడి జాబితాలో నమోదై ఉండాలన్నది ఈ ఒప్పందంలోని ముఖ్యాంశం. ఫోటో, కొలతలు లేని విగ్రహం పరాయి దేశంలో కనిపించినా అది మనదేనని నిరూపించడం కష్టం.

పంచలోహ మూర్తులకు మరింత ముప్పు

రాతి శిల్పాలకన్నా ఉత్సవమూర్తులు చిన్నవి, తేలికైనవి. సులువుగా తరలించవచ్చు. కరిగిస్తే ఆనవాలే మిగలదు. మార్కాపురం చెన్నకేశవాలయం, త్రిపురాంతకం వంటి పుణ్యక్షేత్రాలున్న ఈ ప్రాంతంలో పల్లె గుడుల్లోని మూర్తులకూ ఈ జాగ్రత్త అవసరమే.

చట్టం ఏమంటోంది?

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు పురావస్తువులే. రాతి, లోహ శిల్పాలను కలిగి ఉన్నవారు వాటిని పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారి వద్ద నమోదు చేయించుకోవాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా తప్పవు. పొలం దున్నుతుండగానో, పునాదులు తీస్తుండగానో విగ్రహాలు బయల్పడితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టాన్ని అనుసరించి కలెక్టరుకు తెలియజేయాలి.

ఆలయ కమిటీలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి మూర్తికీ ముందు, వెనుక, పీఠం కనిపించేలా ఫోటోలు తీయించాలి. ఎత్తు, బరువు, పగుళ్లు, శాసనాక్షరాలను రాసి ఉంచాలి. ఒక ప్రతిని గుడి వెలుపల భద్రపరచాలి. చందవరం పలకను వెనక్కు రప్పించింది అటువంటి ఆధారమే.