కొత్త మోటారు సైకిలు – పునర్విక్రయ విలువ: ముమ్మిడివరం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కొత్త మోటారు సైకిలు కొన్ననాటి నుండి దాని విలువ తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే. అయితే ఆ తగ్గుదలలో యంత్రపు అరుగుదల వాటా ఎంత, పన్నులు, పత్రాలు, నమ్మకం అనేవాటి వాటా ఎంత అని విడదీసి చూడటం అరుదు. డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ముమ్మిడివరం ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని పునర్విక్రయ విలువను నిర్ణయించే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. బండి బాగుండటం ఒక్కటే చాలదని, అది బాగున్నదని, అమ్మేవానిదేనని కొనేవానికి రుజువు కావాలని, ధర నిలిచేది ఆ రుజువు వల్లనేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోటారు సైకిలు, పునర్విక్రయ విలువ, తరుగుదల, ముమ్మిడివరం, యానాం, యాజమాన్య బదిలీ.

1. ఉపోద్ఘాతం

ముమ్మిడివరం 216వ జాతీయ రహదారిపై అమలాపురానికి, యానాంకు నడుమ ఉన్న పట్టణం. గౌతమీ పాయకు, సముద్రానికి చేరువలోని ఈ ప్రాంతంలో వరి, కొబ్బరి, చేపలు రొయ్యల సాగు ప్రధాన జీవనాధారాలు. చెరువు గట్లపైకి, లంక దారులలోకి పోవలసిన వారికి ద్విచక్రవాహనం విలాసం కాదు, పనిముట్టు. అదే సమయంలో అది అవసరానికి అమ్ముకోదగిన ఆస్తి. పంట దెబ్బతిన్నప్పుడో, వైద్యపు ఖర్చు మీద పడినప్పుడో త్వరగా సొమ్ముగా మారేవాటిలో బంగారంతో పాటు బండి కూడా ఉంటుంది. కాని బంగారానికి ఏనాటి ధర ఆనాడు అందరికీ తెలుస్తుంది. పాత బండికి అటువంటి బహిరంగ ధర లేదు. అందువల్ల దాని విలువ ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడం సామాన్య కుటుంబానికి అవసరమైన విషయం.

2. తరుగుదల: రెండు లెక్కలు

పాత వాహనపు విలువను అంచనా వేయడానికి బీమా రంగంలో ఒక తరుగుదల పట్టిక వాడుకలో ఉంది. బీమా ప్రకటిత విలువను తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర నుండి లెక్కిస్తారు. వాహన వయస్సు ఆరు నెలల లోపైతే 5 శాతం, ఆరు నెలల నుండి ఏడాది వరకు 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటితే ఇరుపక్షాల అంగీకారమే ప్రమాణం.

ఈ మూలధరలో రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు చేరవు. ఉదాహరణకు షోరూమ్ ధర 80,000 రూపాయలు, పన్ను, బీమా, రిజిస్ట్రేషన్, అదనపు సామగ్రి కలిపి మరో 20,000 అనుకుందాం. రెండో ఏట పట్టిక ప్రకారం విలువ 64,000. యజమాని తాను పెట్టిన లక్షతో పోల్చుకొని 36,000 పోయిందని భావిస్తాడు. అందులో యంత్రపు తరుగుదలగా లెక్కకు వచ్చేది 16,000 మాత్రమే. మిగిలినది వాహనం రోడ్డెక్కడానికి అయిన ఖర్చు. కొత్త బండికి మొదటి ఏడాదే ఎక్కువ నష్టం వచ్చినట్లు తోచడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఈ పట్టిక బీమా అవసరానికి ఏర్పడినది. అంగడి ధర దానికి అటో ఇటో ఉండవచ్చు.

3. కొత్త ధర నీడలో పాత ధర

పాత బండి ధర ఎప్పుడూ కొత్త బండి ధరను అనుసరించే నడుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర 100 అనుకుంటే కొత్త బండి 128 నుండి 118కి, అంటే దాదాపు 8 శాతం చవక అవుతుంది. ఆ మేరకు పాత బండి ధరపైనా ఒత్తిడి పడుతుంది. ఒక్క కిలోమీటరు నడపకుండానే యజమాని ఆస్తి విలువ తగ్గవచ్చునన్నమాట.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ లైసెన్సుల కాలంలో కనిపిస్తుంది. బజాజ్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజులలో, వెంటనే చేతికి వచ్చే పాత స్కూటరు కొత్తదాని కంటె ఎక్కువ ధర పలికేది. యంత్రం అదే, అరుగుదల అంతే. కొరతయే విలువను పెంచింది. నేడు ఆ కొరత లేదు. ప్రస్తుత కాలంలో ధరను నిలిపేవి విడిభాగాల లభ్యత, మరమ్మతు తెలిసిన మెకానిక్కులు, ఇంధన పొదుపు. 1994లో విపణిలోకి వచ్చిన స్ప్లెండర్ వంటి బండ్లకు పాత అంగడిలోనూ గిరాకీ ఉండటానికి ఇవే కారణాలు.

4. గౌతమికి ఇరువైపులా

ముమ్మిడివరం ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఎదుర్లంక వద్ద బాలయోగి వారధి దాటితే యానాం. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడ వాహన పన్ను తక్కువ. అక్కడి బండ్లకు పి.వై. 04 సంఖ్య ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే నమూనా బండి నదికి ఇటు ఒక ధరకు, అటు మరొక ధరకు రోడ్డెక్కుతుంది.

కొన్నప్పుడు మిగిలిన ఆ సొమ్ము అమ్మేటప్పుడు లెక్కకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నమోదు సంఖ్య తీసుకోవాలి. దానికి ముందుగా 48వ సెక్షన్ కింద నిరభ్యంతర పత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో వాహన వయస్సును బట్టి పన్ను కట్టాలి. ముమ్మిడివరంలో కొనేవాడు ఈ ఖర్చును, తిరుగుడును, ఆలస్యాన్ని ముందే బేరంలో తగ్గించి అడుగుతాడు. కాబట్టి పన్నులో మిగిలినదంతా లాభం కాదు. అందులో కొంత పునర్విక్రయ సమయానికి వాయిదా పడిన ఖర్చు.

5. ఉప్పుగాలి, వరద, తెలియనితనం

తీరప్రాంతపు తేమగాలిలోని లవణం ఇనుముపై పూతను దెబ్బతీసి తుప్పును త్వరపరుస్తుంది. గొలుసు, చక్రపు ఊచలు, సైలెన్సరు మొదట దెబ్బతింటాయి. ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బండికి ఈ ముప్పు మరింత ఎక్కువ. 2022 జులై నాటి గోదావరి వరదలో కోనసీమ లంకలు మునిగాయి. నీట మునిగిన బండిని కడిగి, రంగు వేస్తే పైకి ఏమీ తెలియదు. ఇంజన్ నూనెలో నీరు కలిసి పాలలా తెల్లబారడం వంటి గుర్తులు అనుభవజ్ఞునికే పట్టుబడతాయి.

అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియని ఈ స్థితిని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడి ఉదాహరణగా వివరించాడు. మంచిచెడులు తేల్చలేని కొనుగోలుదారు సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి వాహనం గలవాడు అమ్మడానికి ఇష్టపడడు. క్రమంగా అంగడిలో నాసిరకమే మిగులుతుంది. బాగున్న బండి యజమాని తనది కాని లోపానికి ధర చెల్లించవలసి వస్తుంది. ‘తెలిసినవాళ్ల బండి’, ‘సింగిల్ ఓనర్ బండి’ అనే మాటలకు పల్లెల్లో ఉన్న విలువ ఇక్కడే అర్థమవుతుంది. అవి నాణ్యతకు హామీగా పనిచేస్తాయి. సర్వీసు రసీదులు, నమ్మకమైన మెకానిక్ మాట కూడా అటువంటివే.

6. పేరు మారని బండి

పునర్విక్రయంలో అన్నింటికంటె పెద్ద నష్టం ధరలో కనిపించదు. ఫారం 29, ఫారం 30లపై సంతకం చేసి, కొనేవాని పేరు ఖాళీగా వదిలి, మధ్యవర్తికి బండి అప్పగించే అలవాటు ఉంది. చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బదిలీ అయితే అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో తెలియజేయాలి. నవీన్ కుమార్ – విజయ్ కుమార్ వ్యాజ్యంలో 2018లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. వాహనం ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమాని. ప్రమాద పరిహారపు బాధ్యత వారిదే. అది కారుకు సంబంధించిన వ్యాజ్యమైనా సూత్రం మోటారు సైకిలుకూ వర్తిస్తుంది. నలభై వేలకు బండి అమ్ముకున్న కౌలురైతు, పేరు మార్చని కారణంగా, తాను చూడని ప్రమాదానికి లక్షలలో బాధ్యుడు కావచ్చు.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనలు పాత వాహనాల వ్యాపారులకు అధికార గుర్తింపును ప్రవేశపెట్టాయి. బండి అప్పగింతను పోర్టల్‌లో తెలియజేసిన తరువాత, తిరిగి అమ్ముడయ్యే వరకు ఆ వ్యాపారినే యజమానిగా పరిగణిస్తారు. అప్పుతో కొన్న బండికి రుణం తీరిన తరువాత ఫారం 35 ద్వారా హైపోథికేషన్ తొలగించడం కూడా అంతే అవసరం. అది ఆర్.సి.లో మిగిలి ఉంటే బదిలీయే ఆగిపోతుంది.

7. ముగింపు

కొత్త మోటారు సైకిలు విలువను కాలం, విధానం, స్థలం, సమాచారం అనే నాలుగూ కలిసి నిర్ణయిస్తాయి. మొదటి రెండూ యజమాని చేతిలో లేవు. ఎక్కడ నమోదు చేయాలి, నిర్వహణకు ఏ ఆధారాలు దాచాలి, పేరు ఎప్పుడు మార్చాలి అన్నవి అతని చేతిలో ఉన్నాయి. ముమ్మిడివరం వంటి ప్రాంతంలో ఉప్పుగాలిని ఆపలేకపోయినా, కొనేవాని సందేహాన్ని తగ్గించవచ్చు. సందేహం తగ్గిన మేరకు ధర నిలుస్తుంది. పేరు మారిన నాడే అమ్మకం పూర్తవుతుంది.