ఈత రక్తంలో ఉండదు

మాది వంశధార పక్కన ఊరు అని చెప్తే హాస్టల్‌లో అందరూ "అయితే నీకు ఈత వచ్చే ఉంటుంది" అంటారు. రాదు. మా అన్నయ్యకి వచ్చు. వేసవి సెలవుల్లో మామయ్య వాడి నడుముకి ఖాళీ డబ్బా కట్టి చెరువులో దింపితే, నేను గట్టు మీద వాళ్ల బట్టలకి కాపలా ఉండేదాన్ని. నేనూ దిగుతానంటే అమ్మమ్మ "ఆడగుంటవి, నీకు ఈతేటే?" అనేసింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈమధ్య కల్లెన్ జోన్స్ గురించి చదివాక దొరికింది.

కల్లెన్ అమెరికాలో పుట్టిన నల్లజాతి కుర్రాడు. ఐదేళ్లప్పుడు పెన్సిల్వేనియాలోని ఒక వాటర్ పార్కులో ట్యూబ్ తిరగబడి మునిగిపోయాడు. సీపీఆర్ చేసి బతికించారు. మన ఇళ్లలో అయితే "మళ్లీ నీళ్ల దగ్గరికెళ్తే కాళ్లు విరగ్గొడతా" అనేవాళ్లు. వాళ్లమ్మ మాత్రం వెంటనే ఈత క్లాసులో చేర్పించింది. ఆ పిల్లాడే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్‌తో కలిసి 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో బంగారు పతకం గెలిచాడు. టైమింగ్ 3 నిమిషాల 8.24 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు.

మరి అమెరికా ఈత జట్టులో నల్లవాళ్లు ఎందుకంత తక్కువ? "వాళ్ల ఎముకలు బరువు, నీళ్లలో తేలరు" అని చాలాకాలం ఒక కథ నడిచింది. అసలు కారణం ఎముకల్లో లేదు, చరిత్రలో ఉంది. 1920, 30ల్లో అక్కడి నగరాలు పెద్ద పెద్ద పబ్లిక్ పూల్స్ కట్టాయి. చాలావాటిలోకి నల్లవాళ్లని రానివ్వలేదు. 1964లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి నిరసనగా ఒక మోటెల్ పూల్‌లోకి దిగితే, మేనేజర్ ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. అందరినీ రానివ్వాల్సి వచ్చాక కొన్ని ఊళ్లు ఏకంగా పూల్స్‌నే మూసేశాయి.

తర్వాత జరిగింది మన కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇన్‌ఫినిట్ లూప్. తల్లిదండ్రులకి ఈత రాదు కాబట్టి నీళ్లంటే భయం. భయం కాబట్టి పిల్లలకి నేర్పించరు. ఆ పిల్లలే రేపటి తల్లిదండ్రులు. యూఎస్ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ 2017 అధ్యయనం ప్రకారం నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత అసలు రాదు, లేదా అంతంతమాత్రం. తల్లిదండ్రులకి రాకపోతే పిల్లలు నేర్చుకునే అవకాశం 19 శాతమే.

కల్లెన్ వాళ్లమ్మ ఆ లూప్‌ని తన ఇంట్లో బ్రేక్ చేసింది. పతకం వచ్చాక కల్లెన్ 'మేక్ ఎ స్ప్లాష్' కార్యక్రమంతో ఊరూరా తిరిగి, పిల్లల్ని నీళ్లలోకి దింపుతూ అదే పని చేశాడు. 2016 రియోలో సిమోన్ మాన్యువల్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 52.70 సెకన్లలో ఈది, వ్యక్తిగత బంగారు పతకం గెలిచిన తొలి నల్లజాతి అమెరికన్ మహిళా స్విమ్మర్ అయింది.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. ఏ చెరువులో ఎవరు దిగాలో మన దేశంలో కులం నిర్ణయించేది. 1927లో మహద్‌లో అంబేద్కర్ పోరాడింది చెరువు నీళ్ల కోసమే. ఇక ఆడపిల్లల సంగతి. "నీళ్లకి దూరంగా ఉంటే క్షేమం" అంటారు. కానీ మా ఊళ్లో రేవులో బట్టలు ఉతికేది, కార్తీక మాసంలో చీకటితో స్నానానికి దిగేది ఎక్కువగా ఆడవాళ్లే. నీళ్లతో పని వాళ్లకి, ఈత మగవాళ్లకి!

మనకీ లూప్ బ్రేక్ చేసినవాళ్లు ఉన్నారు. గోలి శ్యామల గారు ఈత మొదలుపెట్టిందే నలభై దాటాక. 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడకి సముద్రంలో దాదాపు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరిలో ఒడ్డుకి చేరారు.

నాకు పంతొమ్మిదే. ఈ వేసవిలో నేర్చుకుంటున్నా. ఎనిమిదేళ్ల మా పిన్ని కూతుర్ని కూడా తీసుకెళ్తా. మీలో ఈత రానివాళ్లుంటే చెప్పండి, కలిసి వెళ్దాం. అమ్మమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.