సూది పట్టేంత సందు

గుంటూరు అరండల్‌పేటలో నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. మొన్న ఒకావిడ కొడుకు ఐఫోన్ పట్టుకొచ్చింది. అబ్బాయి పోయి మూడు నెలలైంది. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, లాక్ నంబరు తెలీదు.

‘పుట్టినరోజు కొట్టాను, బండి నంబరు కొట్టాను, రావట్లేదు బాబూ.’

‘మొత్తం ఎన్నిసార్లు కొట్టారమ్మా?’

‘ఏడో, ఎనిమిదో.’

ఇక ముట్టుకోవద్దన్నాను. పదిసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా చెరిగిపోయేలా కొందరు సెట్టింగ్ పెట్టుకుంటారు. ‘చిప్ పీకి ఇంకో బోర్డుకు అతికించలేవా?’ అని చాలామంది అడుగుతారు. లాభం లేదు. లోపలి సమాచారాన్ని లాక్ నంబరుతో కలిపి తికమక చేసి దాస్తుంది ఫోన్. దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. నంబరు లేకుండా చిప్ చదివినా చేతికొచ్చేది చెత్తే.

అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా ఈ సెట్టింగుకే భయపడింది. 2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిగి 14 మంది చనిపోయారు. కాల్చినవాళ్లలో ఒకడికి ఆఫీసువాళ్లిచ్చిన ఐఫోన్ 5సీ ఎఫ్‌బీఐకి దొరికింది. ప్లాస్టిక్ వీపు మోడల్, నా చేతుల్లోంచీ చాలానే వెళ్లాయి. నాలుగంకెల లాక్ అంటే 10,000 నంబర్లు. అడ్డు లేకపోతే కంప్యూటర్‌కు పావుగంట పని. ఆ అడ్డు తీసేసే సాఫ్ట్‌వేర్ రాసిమ్మని 2016 ఫిబ్రవరిలో కోర్టు యాపిల్‌ను ఆదేశించింది. ఒక్క ఫోన్ కోసం రాసినా రేపు అన్ని ఫోన్ల మీదా వాడతారని కంపెనీ సీఈఓ టిమ్ కుక్ ససేమిరా అన్నాడు.

మార్చి 22న విచారణ. ముందురోజు ఎఫ్‌బీఐ వాయిదా అడిగింది, బయటివాళ్లెవరో దారి చూపారని. వారం తిరక్కుండా ఫోన్ తెరుచుకుంది, కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ దారి మొదలైంది ఎక్కడో 2021లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది: ఛార్జింగ్ పిన్ పెట్టే చోట! అక్కడ తగిలించే పరికరాల కోసం యాపిల్ వాడుకున్న, మొజిల్లా అనే సంస్థ రాసిన కోడ్‌లో ఒక తప్పుంది. దాన్ని పట్టుకుని ఆస్ట్రేలియాకు చెందిన అజిముత్ అనే కంపెనీ లోపలికి దూరింది. అది చదివి నవ్వొచ్చింది. అదే సందులోంచి నేను పదేళ్లుగా సూదితో జేబు దుమ్ము లాగుతున్నాను మరి.

నన్నడిగితే, కంపెనీచేత దొంగదారి పెట్టించడం కన్నా పోలీసులు ఇలా సందు వెతుక్కోవడమే నయం. కంపెనీ పెట్టే దారి నా ఫోన్లోనూ మీ ఫోన్లోనూ కూడా ఉంటుంది. సందు వెతకాలంటే డబ్బు పొయ్యాలి, తెలిసినవాణ్ణి పట్టుకోవాలి. ఊరందరి మీదా ఆ పని పెట్టుకోలేరు.

తంటా అంతా దొరికిన సందును దాచుకోవడంలో ఉంది. విండోస్‌లో ఇలాంటిదే ఒకటి అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏకు దొరికితే మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా ఏళ్లపాటు వాడుకుంది. దానికోసం తయారుచేసుకున్న పనిముట్టు 2017 ఏప్రిల్‌లో నెట్‌లోకి పొక్కింది. మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ఆ సందు మూసే ప్యాచ్ ఇచ్చింది గానీ వేసుకున్నదెవరు? మే 12న అదే పనిముట్టుతో వన్నాక్రై అనే వైరస్ విరుచుకుపడింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆగాయి. మన ఆంధ్రలో పోలీసుశాఖ కంప్యూటర్లకూ అంటుకుంది. ఏ దేశం గూఢచారులో దాచుకున్న సందు, దెబ్బ మన ఠాణాకి!

మన దగ్గర గొడవ ఇంకో రకం. మెసేజ్ మొదట పంపిందెవరో వాట్సాప్ లాంటి యాప్‌లు అడిగితే చెప్పాలని 2021 ఐటీ నిబంధనలు అంటున్నాయి. అందుకోసం ఎన్‌క్రిప్షన్ తీయమంటే వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాట్సాప్ లాయరు ఢిల్లీ హైకోర్టులో చెప్పాడు.

ఐఫోన్ సంగతికొస్తే, యాపిల్ 2018లో ఆ ఛార్జింగ్ పిన్ దగ్గర ఇంకో గడియ వేసింది. లాకైన ఫోన్‌కు గంట దాటాక కేబుల్ పెడితే ఛార్జింగ్ తప్ప ఏదీ ఎక్కదు. ఆవిడ ఫోన్‌కు నేను చేయగలిగిందీ అంతే. పిన్‌లో దుమ్ము తీసి, ఛార్జింగ్ పెట్టి చేతికిచ్చాను. లాక్ తెర మీద అబ్బాయి బండెక్కి నవ్వుతున్న ఫొటో ఉంది.

‘ఇదొక్కటీ కనబడుతుందిగా బాబూ, ఛార్జింగ్ అయిపోనివ్వను’ అని పర్సులో పెట్టుకుంది.