గడియకుడుక – చదువుల నిచ్చెన

చిన్న లెక్కతో ప్రారంభిద్దాం. ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటినుండి అయిదువరకు తరగతులున్నవి; బోధించేవారు ఒక్కరే. బోధనకు రోజుకు 5 గంటలు, అనగా 300 నిమిషాలు దొరుకుతున్నవనుకొందాం. సమంగా పంచితే ఒక్కొక్క తరగతికి వచ్చేది 60 నిమిషాలు. మిగిలిన 240 నిమిషాలు ఆ తరగతి పిల్లలు తమంత తాము గడపవలసినదే. ఇద్దరు ఉపాధ్యాయులున్నా 180 నిమిషాలు మిగులుతూనే ఉంటవి.

గంపలగూడెంవంటి చోట్ల ఈ లెక్క బడితో ముగియదు. 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో, తెలంగాణ సరిహద్దున, తిరువూరు ప్రాంతంలో ఉన్నది ఈ మండలం. మిరప, ప్రత్తి పండే నేలలు. కాయకోతల రోజుల్లో కూలికి పోయే తల్లిదండ్రులు తెల్లవారుతూనే చేలకు బయలుదేరుతారు. "ఆట చాలురా, పుస్తకం తియ్యి" అని చెప్పేవారు ఇంట ఉండరు. బడిలోనూ, ఇంటిలోనూ ఇంత కాలం పిల్లల చేతిలోనే ఉన్నప్పుడు, దానిని వాడుకొనే నేర్పు వారికి లేకపోతే చదువులో పెద్దపాలు నీటిపాలే గదా!

పిల్లవానికి కాలం ఎట్లా తోస్తుంది?

ఏడేండ్ల పిల్లవానితో "కాలం వృథా చేయకు" అంటే ప్రయోజనం తక్కువ. అతనికి కాలం ఇంకా సరిగా కనిపించదు. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ విషయాన్ని పరిశీలించి 1946లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన రెండు బొమ్మలను ఒకేసారి కదిలించి, ఒకేసారి ఆపి చూపాడు. ఒక బొమ్మ వేగంగా సాగి ఎక్కువ దూరం పోయింది. ఏది ఎక్కువసేపు నడిచిందని అడిగితే, దూరం పోయినదే ఎక్కువసేపు నడిచిందని చిన్నపిల్లలు చెప్పారు. అనగా ఆ వయస్సులో దూరం, వేగం, కాలం ఒకదానితో ఒకటి కలగలిసి ఉంటవి. క్రమంగా, ఏడెనిమిదేండ్లు దాటేసరికి, అవి విడివడుతవి.

ముందుగా ఆలోచించి పనిని వరుసలో పెట్టుకొనే శక్తికి నుదుటివెనుక ఉన్న మెదడుభాగం ముఖ్యాధారం. అది ఇరవైయేండ్లు దాటినవరకు పరిణతి చెందుతూనే ఉంటుంది. కాబట్టి పిల్లవాడు సమయం మరచిపోవడం సోమరితనమని నిర్ణయించడం తొందరపాటు. కంటికి కనిపించని కాలాన్ని కంటికి చూపడమే మొదటి సహాయం.

బడిలో గడియకుడుక

ఇందుకు మన పూర్వుల సాధనమొకటి ఉపకరిస్తుంది. అడుగున సన్నని రంధ్రంగల రాగిగిన్నెను నీటిపై తేల్చేవారు. రంధ్రంగుండా నీరు మెల్లగా లోపలికి ఎక్కి, గిన్నె నిండి మునిగితే ఒక గడియ. ఒక దినానికి గడియలు 60. కనుక గడియ అంటే 24 నిమిషాలు. ముహూర్తాలు చూడడానికి వాడిన గడియకుడుక ఇదే.

ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని సులభంగా తయారుచేయవచ్చును. ఒక చిన్న రేకుగిన్నె, వెడల్పాటి పాత్రలో నీరు, సన్నని మేకు చాలును. మొదట మిక్కిలి సన్నని రంధ్రం చేసి, గిన్నె మునగడానికి పట్టే కాలాన్ని గడియారంతో పోల్చవలెను. రంధ్రం పెద్దదైనకొలది, గిన్నె బరువైనకొలది అది త్వరగా మునుగుతుంది. కాబట్టి రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ 15 నిమిషాలకు కుదిర్చితే చిన్నవారికి సరిపోతుంది.

ఇక పిల్లవాడు పని మొదలుపెట్టకముందు "ఇది ఎన్ని గిన్నెల పని?" అని తనను తాను ప్రశ్నించుకొని, అంచనాను పలకమీద వ్రాసుకొనవలెను. పని ముగిసిన తరువాత అసలు లెక్కను దాని ప్రక్కన వ్రాయవలెను. మొదట్లో రెంటికీ పొత్తు కుదరదు. అందుకు మందలించనక్కరలేదు. తమ పనికి పట్టే కాలాన్ని పెద్దలు సైతం తక్కువగానే అంచనా వేస్తారని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు 1979లో వివరించారు. రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన చూచుకోవడంలోనే శిక్షణ ఉన్నది. ఒక్క జాగ్రత్త: గిన్నె మునిగేలోగా ఎవరు ముందు ముగిస్తారన్న పందెంగా దీనిని మార్చరాదు. అప్పుడు పిల్లలు పనిని విడిచి గిన్నెనే చూస్తారు.

రిషివ్యాలీ నిచ్చెన

కాలం కనిపించినంతమాత్రాన చాలదు. తరువాత చేయవలసిన పని ఏదో కూడా పిల్లవానికి కనిపించవలెను. ఈ చిక్కును మన రాష్ట్రంలోనే ఒకచోట చక్కగా విడదీశారు. మదనపల్లె సమీపాన ఉన్న రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో రామ, పద్మనాభరావు దంపతులు చుట్టుపట్ల పల్లెల చిన్నబడులకోసం ఒక పద్ధతిని రూపొందించారు. అక్కడ అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు.

ఆ పద్ధతిలో పాఠ్యాంశాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, గోడమీద నిచ్చెనవలె పటం కడతారు. ప్రతి పనికీ ఒక కార్డు, ప్రతి కార్డుకూ ఒక బొమ్మగుర్తు. పిల్లవాడు నిచ్చెనలో తానున్న చోటును చూచుకొని, ఆ గుర్తుగల కార్డును తానే తెచ్చుకుంటాడు. కొన్ని పనులు ఉపాధ్యాయుని సాయంతోను, కొన్ని కొద్దిపాటి సాయంతోను, కొన్ని తోటిపిల్లలతోను, మరికొన్ని ఒంటరిగాను చేయవలసినవి. మెట్టు చివర చిన్న పరీక్ష ఉంటుంది. తప్పినవానికి మరికొంత అభ్యాసం, నెగ్గినవానికి పైమెట్టు. జ్వరంవల్లనో, కూలిపనివల్లనో వారంరోజులు బడి మానిన పిల్లవాడు తిరిగివచ్చి, ఆగినచోటనే అందుకొంటాడు.

ఇందువల్ల ఉపాధ్యాయునికి కలిగే లాభమేమి? ఒక గుంపు కొత్తపాఠం వింటుండగా మిగిలిన గుంపులు ఖాళీగా ఉండవు. మన మొదటి లెక్కలోని 240 నిమిషాలు ఈ విధంగా తిరిగి చేతికి వస్తున్నవి. చెన్నై నగరపాలక సంస్థ బడులు 2003లో ఈ మార్గాన్ని అనుసరించి ఇటువంటి పద్ధతిని ప్రారంభించగా, అది పిమ్మట తమిళనాడు అంతటికీ వ్యాపించింది.

ఇంటివద్ద చేయదగినది

ఇంట కార్డులు లేకపోయినా రెండు గిన్నెల కాలం ఉంటే చాలును. మొదటిది నేటి పాఠానికి, రెండవది పాతపాఠానికి. నేర్చినది మొదట వేగంగానూ, తరువాత మెల్లగానూ మరుపునకు వస్తుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపాడు. అందుచేత నేటి పాఠాన్ని ఒకేపట్టున పదిసార్లు చదవడంకంటె రేపు, మూడు రోజులకు, వారానికి ఒక్కొక్కసారి పుస్తకం మూసి జ్ఞప్తికి తెచ్చుకోవడం మేలు. ఇంట హైస్కూలులో చదివే అన్నగాని, అక్కగాని ఉంటే, "ఏమి చదివావు?" అనడానికి బదులు "పుస్తకం మూసి చెప్పు, వింటాను" అంటే ఎంతో ఉపకారం.

స్వేచ్ఛను మాత్రం ఒక్కసారిగా ఇవ్వరాదు. ఈత నేర్చేవాని నడుముకు బెండ్లు కట్టి, పట్టు చిక్కినకొలది ఒక్కొక్కటే తీసివేస్తారు. అదేవిధంగా మొదట పనినీ, వరుసనూ పెద్దవారే నిర్ణయించవలెను. కొంతకాలానికి ఏది ముందు చేయాలో పిల్లవాడు ఎంచుకొనవలెను. ఆ పిమ్మట ఎంత చేయాలో కూడా అతనికే విడువవచ్చును. బెండ్లన్నీ ఒకేసారి తీసివేసి "తానే నేర్చుకుంటాడు" అనుకోవడం, పిల్లవానిని నీటిలో వదలివేయడమే అవుతుంది.

తనంత తాను చదివే పిల్లలున్న బడిలో ఉపాధ్యాయుని అవసరం తగ్గదు. వెనుకబడిన పిల్లవాని ప్రక్కన ఒక గిన్నె మునిగేంతసేపు కూర్చోవడానికి ఆయనకు తీరిక చిక్కుతుంది. ఆ పదిహేను నిమిషాలకే ఆ పిల్లవాడు ఇంతకాలం ఎదురుచూస్తున్నాడు.